చుట్టాలొస్తే చూపించండి మన చాందా

(సంఘానికి కట్టే చందా కాదు లెండి, మన చంద్రపూర్ పాతపేరు!)

"మీ ఊళ్ళో బొగ్గూ ఎండా తప్ప ఏముంది వదినా?" అంది సంక్రాంతి సెలవులకు మంచిర్యాల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ. నాకు రోషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే అందర్నీ బయల్దేరదీశాను. మీ ఇంటికి చుట్టాలొచ్చినా ఇదే దారి పట్టించండి.

ముందు జట్‌పురా దర్వాజా. రోజూ దాని కిందనుంచే పోతాం, తలెత్తి చూడం. ఏనుగు మీద సింహం, గోండు రాజుల చిహ్నం, రాతిలో చెక్కి ఉంది. కోటగోడ చుట్టుకొలత పది కిలోమీటర్ల పైమాటే. నాలుగు దర్వాజాలు, ఐదు ఖిడ్కీలు. చోర్, విఠోబా, హనుమాన్, మసాన్, బగడ్ అని ఖిడ్కీల పేర్లు మా అమ్మాయి గడగడా చెప్పేసరికి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న నాకే సిగ్గేసింది. వేటలో ఒక కుందేలు ఖాండక్యా బల్లాళ్‌షా కుక్కను తరిమిందట, ఆ జాడనే గోడ కట్టించాడట. "ఇది మన హంపీ కథే కదమ్మా!" అన్నారు అన్నయ్యగారు. గోడమీద పెరిగిన పిచ్చిచెట్లను 2017 నుంచి ఎకో-ప్రో సంస్థ కుర్రాళ్ళు శ్రమదానంతో కొట్టేయబట్టి ఈమాత్రం కనబడుతోంది.

టిఫినుకు తర్రీ పోహా. అటుకుల మీద కారంగా శనగల పులుసు పోసి ఇస్తారు, పిల్లలకు తర్రీ విడిగా అడగండి. చలికాలమైతే సాంబార్ వడీ తప్పక తినండి. మా ఆడబిడ్డ అది చేత్తో పట్టుకుని, సాంబారు ఎప్పుడు పోస్తారా అని చూస్తూ కూర్చుంది! ఈ విదర్భలో సాంబార్ అంటే కొత్తిమీర మరి. కొత్తిమీర కూరి, చుట్టి, నూనెలో వేయిస్తారు.

అక్కణ్ణుంచి అంచలేశ్వర్ గుడి. పక్కనే గోండు రాజుల సమాధులు. భర్త బీర్‌షాకు రాణి హీరాయి కట్టించిన సమాధి దగ్గర మాత్రం తొందరపడకండి. మహాకాళి గుడి దగ్గరే. చైత్రమాసం జాతరకు మన తెలంగాణ నుంచీ జనం వస్తారు, ఒత్తిడి పడనివాళ్ళు ఆ రోజులు మానుకోవాలి.

తాడోబాకు వేరే రోజు పెట్టుకోండి, మంగళవారం మూసేస్తారు. వేసవిలో వస్తే పదింటికల్లా ఇల్లు చేరాలి, మామిడికాయ పన్నా సీసా వెంట ఉండాలి.

బల్లార్షాలో బండెక్కుతూ ఆడబిడ్డ అడిగింది కొత్తిమీర వడీ ఎలా చేస్తారో. నాకు రాదు. పక్కింటి కాకూని అడిగి వచ్చే సంచికకు రాస్తాను.