ప్రకృతి విరుద్ధమా? రుజువేది?

దేవుడున్నాడంటే రుజువేదని నిలదీసే మనవాళ్లే, ట్రాన్స్‌జెండర్ల మాట వచ్చేసరికి "అది ప్రకృతి విరుద్ధం" అని తీర్పు చెప్పేస్తున్నారు. దేవుణ్ణి దింపిన పీట మీద ప్రకృతిని కూర్చోబెట్టారు, అంతే తేడా. ప్రకృతిలో లేనిదల్లా తప్పయితే ముందు కళ్లజోళ్లు తీసేయాలి, టీకాలు మానేయాలి. అయినా కళ్లెదుట ఉన్న మనుషులు ప్రకృతిలో లేకుండా ఎలా పోతారు?

దక్షిణాఫ్రికాలో ఒక మంత్రిగారిదీ ఇదే ధోరణి. 2009 ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లోని కాన్‌స్టిట్యూషన్ హిల్‌లో నల్లజాతి మహిళల కళా ప్రదర్శన పెట్టారు. అందులో జనేలే ముహోలీ తీసిన, ఒకరినొకరు హత్తుకున్న స్త్రీల ఫోటోలు చూసి సాంస్కృతిక మంత్రి లులు జింగ్వానా బయటికి నడిచారు. అవి అనైతికమట, జాతి నిర్మాణానికి వ్యతిరేకమట! ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఉన్నది ఆ కొండమీదే. లైంగికత ఆధారంగా వివక్ష కూడదని రాజ్యాంగంలో రాసుకున్న మొదటి దేశమూ అదే (1996). 2006లో స్వలింగ వివాహాలకు చట్టం కూడా చేసింది. మరి జాతి నిర్మాణానికి అడ్డం ఫోటోలా, మంత్రిగారా?

ముహోలీ 1972లో డర్బన్ పక్కన ఉమ్లాజీలో పుట్టారు. తల్లి తెల్లవాళ్ల ఇంట్లో పనిచేసేది. ఆడ, మగ అనే రెండు గడుల్లో దేనిలోనూ తాము ఇమడమంటారు ముహోలీ. (ఇంగ్లీషువాళ్లు సర్వనామం కోసం తలలు పట్టుకుంటున్నారు గానీ, మనకు "వారు" ఉండనే ఉంది.) 2006లో "ఫేసెస్ అండ్ ఫేజెస్" మొదలుపెట్టి నల్లజాతి లెస్బియన్లవి, ట్రాన్స్ పురుషులవి నలుపు తెలుపు ఫోటోలు వందల్లో తీశారు. 2014 నుంచి "బ్రేవ్ బ్యూటీస్" పేరుతో ట్రాన్స్ స్త్రీలవి తీస్తున్నారు.

నేను రక్షణ శాఖ లెక్కల్లో జీవితం గడిపినవాణ్ణి, కళ గురించి తెలిసింది తక్కువ. కానీ ఆ ఫోటోల కింద ఏముందో చూడండి. మనిషి పేరు, ఊరు, సంవత్సరం. ఓచరంటే అదే కదా! గోడమీద వరసల మధ్య కొన్ని చోట్లు ఖాళీగా వదులుతారు. కొన్ని ఇంకా తీయాల్సినవాళ్లవి, కొన్ని ఇక లేనివాళ్లవి. ఇది ఉత్తుత్తి అలంకారం కాదు. "సరిచేస్తాం" అంటూ లెస్బియన్ల మీద అత్యాచారాలు జరిగిన దేశమది. జాతీయ మహిళా ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన యూడీ సిమెలానేను 2008లో అత్యాచారం చేసి చంపారు. 2012 ఏప్రిల్‌లో కేప్‌టౌన్‌లో ముహోలీ ఇంట్లో దొంగలు పడి హార్డ్ డిస్కులు ఎత్తుకుపోయారు, ఏళ్ల పని పోయింది. వారు మళ్లీ కెమెరా పట్టారు.

ఈ ఫోటోలు చూపిస్తే మన మిత్రుడొకాయన "ఇదంతా ఫ్యాషనండీ" అని పెదవి విరిచాడు. ప్రాణం మీదికి తెచ్చే ఫ్యాషన్ ఇంకొకటి చూపించమన్నాను. ఇంతవరకూ జవాబు లేదు.