ఫోను చేతిలో ఉంది, పరిశోధన ఏది?

తొమ్మిదో తరగతి విద్యార్థికి బడిలో ఒక ప్రాజెక్టు ఇస్తారు. అంశం ‘మా జిల్లాలో అక్షరాస్యత’. ఆ సాయంత్రమే ఫోనులో ప్రశ్న వేసి, వచ్చిన జవాబును చార్టు మీదికి ఎత్తి రాసి, చుట్టూ రంగు గీతలు గీస్తాడు. మార్కులూ వస్తాయి. ఆ అంకెను ఎవరు, ఏ సంవత్సరంలో లెక్కించారని ఉపాధ్యాయుడు అడగడు, ఇంట్లో మనమూ అడగము. దీనినే సాంకేతిక విద్య అని మురిసిపోతున్నాము.

ఇతరుల సంగతి ఎలా ఉన్నా, ముస్లిం సమాజానికి ఈ ఉపేక్ష ఖరీదైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజర్వేషన్ల చరిత్రనే చూడండి. 2004లో ప్రకటించిన 5 శాతం కోటా హైకోర్టులో నిలవలేదు. 2005లో మరలా చేసిన ప్రయత్నమూ అంతే. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పించిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల వల్లనే అది ఊపిరి పీల్చుకుంది. ఆ వాదోపవాదాలలో పదే పదే తలెత్తిన ప్రశ్న ఒకటే: వెనుకబాటును ఏ పద్ధతిలో కొలిచారు? మన పేదరికం మనకు కళ్ళెదుట కనిపిస్తున్నదే. కాని న్యాయస్థానానికి కావలసింది సర్వే, నమూనా, పట్టిక. వాటిని తయారు చేయగల చేతులు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయి?

2006 నాటి సచార్ కమిటీ నివేదికకు అంత బలం ఎక్కడి నుండి వచ్చింది? ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరే ముస్లిం అని అది లెక్కతో చెప్పింది. అంతవరకు మన ఆవేదనగా కొట్టిపారేసిన మాట ఆ రోజు నుండి ఆధారమైంది.

కనుక పిల్లలకు నేర్పవలసింది వెతకడం ఒక్కటే కాదు. మూలం దాకా వెళ్ళడం. ముస్లింల జనాభా గురించి వాట్సాప్‌లో తిరిగే సందేశాన్నే పాఠంగా తీసుకోవచ్చు. అది చూసి మండిపడి ఇంకో పది మందికి పంపే బదులు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికలను అమ్మాయి చేత తెరిపించండి. 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4గా ఉన్న సంతానం 2019-21 నాటికి 2.36కు తగ్గింది. హిందువులలో అదే కాలంలో 3.3 నుండి 1.94కు దిగింది. రెండు అంకెల మధ్య దూరం ఎంత తగ్గిందో ఆమే తీసివేత చేసి చూసుకుంటుంది. ఎవరూ ఉపన్యసించనక్కర లేదు.

జనగణన వెబ్‌సైటులో మతాల వారీ పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. అయితే 2011 జనగణన నాటికి తెలంగాణ రాష్ట్రమే లేదు. నాటి జిల్లాలు నేడు చీలిపోయాయి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. నేటి తన జిల్లాకు అంకె కావాలంటే విద్యార్థి మండలాల వారీగా కూడుకోవాలి. అక్కడ చిక్కుకుని, తల గోక్కుని, ఎక్సెల్‌లో మరలా కూడిన పిల్లవాడికి పరిశోధన అంటే ఏమిటో తెలుస్తుంది.

ఇక కృత్రిమ మేధ. చాట్‌జీపీటీ వంటివి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిస్తాయి. లేని పుస్తకానికి పేరు, లేని తీర్పుకు నంబరు కూడా అంతే ధీమాగా ఇవ్వగలవు. ఎందుకంటే అవి ప్రాథమికంగా మాట తరువాత మాటను అంచనా వేసి పేర్చుతాయి. నిజానిజాలను విచారించే పని మనిషిదే. వాడవద్దని నిషేధిస్తే పిల్లలు వినరు, చాటుగా వాడుతారు. వాడనివ్వండి. కాని అది చూపిన ప్రతి ఆధారాన్నీ విడిగా తెరిచి చూసిన తరువాతనే నోటుబుక్కులో రాయాలన్న నియమం పెట్టండి. హదీసును స్వీకరించే ముందు ఉల్లేఖకుల పరంపరను, వారిలో ఒక్కొక్కరి విశ్వసనీయతను ఆరా తీసిన పండితుల వారసులకు ఈ నియమం కొత్తగా తోచకూడదు.

మన ఇళ్ళలో ఒక సౌలభ్యం కూడా ఉంది. నాన్నమ్మకు ఉర్దూ వచ్చు, మనవరాలికి తెలుగు, ఇంగ్లీషు వచ్చు. వక్ఫ్ ఆస్తుల ముంతఖబ్‌లు, పాత దస్తావేజులు చదవగలిగిన తరం కనుమరుగవుతున్నది. 2025 జూన్‌లో ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టినప్పుడు, కాగితం ఎంత విలువైనదో అందరికీ తెలిసి వచ్చింది. ఊరి ఖబరస్తాన్ చరిత్రను పెద్దలను అడిగి రికార్డు చేసి, దస్తావేజులను ఫోటో తీసి, తేదీల వారీగా భద్రపరచడం పదో తరగతి పిల్లలు చేయగలిగిన పనే.

ఒక చేదు నిజం కూడా చెప్పక తప్పదు. చాలా ఇళ్ళలో ఫోను అన్న చేతిలో ఉంటుంది, చెల్లికి అది అడిగినప్పుడు, అదీ ఎవరైనా పక్కన ఉంటేనే దొరుకుతుంది. చదువులో ముందున్నది చెల్లెలైనా సరే. భద్రత పేరిట చేస్తున్న ఈ పని ఆమె చదువును కుదిస్తున్నది.

మస్జిద్ కమిటీలు, విద్యార్థి సంఘాలు ఈ సెలవుల్లో ఒక గది, రెండు కంప్యూటర్లు, ఓపికగల ఒక డిగ్రీ విద్యార్థిని సమకూర్చితే ఆరంభానికి చాలు. పది మంది పిల్లలకు ఒక్కొక్క ప్రశ్న ఇవ్వండి. నెల తరువాత జవాబుతో పాటు అది ఎక్కడ దొరికిందో జమాఅత్ ముందు చెప్పించండి. ఆ గదిలోకి బాలికలు వచ్చే వేళలు మొదటి రోజే గోడ మీద రాసి పెట్టండి.