నోరు నొక్కే ప్రభుత్వానికి చెవులుండవు

“పత్రికలకు స్వేచ్ఛ ఉండాల్సిందే, కానీ హద్దులుండాలి” అని తల పంకించే పెద్దమనుషులారా! ఈ పాట పాతదే. 1823లో కలకత్తాలో కంపెనీ దొరలు పాడిందీ ఇదే. ఒక పాదిరీకి స్టేషనరీ శాఖలో కొలువిచ్చారని ఎద్దేవా చేసినందుకు ‘కలకత్తా జర్నల్’ ఎడిటర్ బకింగ్‌హామ్‌ను ఓడెక్కించి పంపేశారు. ఆ వెంటనే, లైసెన్సు లేకుండా ఎవరూ పత్రిక నడపరాదని తాత్కాలిక గవర్నర్ జనరల్ ఆడమ్ హుకుం జారీ చేశాడు. పాదిరీ ఉద్యోగం మీద వేసిన చురకకే కూలిపోయేంత బలహీనమా ఆ సామ్రాజ్యం?

రామమోహన్ రాయ్ ఊరుకోలేదు. మరో అయిదుగురితో కలిసి అప్పటి కలకత్తా సుప్రీంకోర్టుకెక్కాడు, అక్కడ కాదంటే ఇంగ్లండు రాజుకు మొర పెట్టుకున్నాడు. లైసెన్సు కోసం చేయి చాచలేక తన పారశీక పత్రిక ‘మిరాతుల్ అఖ్బార్’నే మూసేశాడు. ఆయన వాదన సూటిగా ఉంది: ఇంత పెద్ద రాజ్యంలో అధికారులు తప్పులు చేయక మానరు, అవి పైవాడికి తెలిసే దారి పత్రికే. ప్రజలు కష్టం చెప్పుకోగలిగిన చోట తిరుగుబాటు రాదు, చెప్పుకోలేని చోటే వస్తుంది. రాజు కూడా ఆ మొర తోసిపుచ్చాడు.

1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్ మెట్‌కాఫ్ ఆ సంకెళ్లు తీశాడు. 1878లో వైస్రాయ్ లిట్టన్ మళ్లీ బిగించాడు, అదీ దేశభాషా పత్రికలకే! ఇంగ్లీషులో తిడితే విమర్శ, మన భాషల్లో అడిగితే నేరం. పైగా కోర్టుకు పోయే దారీ లేదు. ఆ తర్వాతా అదే తీరు: 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహి అని జైల్లో తోశారు.

పోనీ, తెల్లవాడు పోయాక? 1950లో మద్రాసు ప్రభుత్వం ‘క్రాస్ రోడ్స్’ పత్రికను తమ రాష్ట్రంలోకి రానివ్వలేదు. ఆ నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పుకు తల వంచాల్సిన ఏలికలు 1951లో ఏకంగా రాజ్యాంగాన్నే సవరించి, వాక్ స్వేచ్ఛకు కొత్త పరిమితులు చేర్చారు. జెండా మారింది, భయం మారలేదు.

అబద్ధం రాస్తే, పరువు తీస్తే కోర్టులున్నాయి; రాసినవాడు అక్కడ జవాబు చెప్పుకుంటాడు. రాయకముందే అనుమతి అడగమనడం, ప్రశ్నించినవాణ్ని దేశద్రోహి అనడం మాత్రం తన తప్పులు దాచుకునే ప్రభుత్వం చేసే పని. హద్దులు కావాలనే ప్రతివాణ్నీ ఇకపై నిలదీయండి: ఆ గీత గీసేదెవరు? గీసినవాడు తప్పు చేస్తే రాసేదెవరు?