మూలనున్న సంతకం

ఈమధ్య మా కార్యాలయానికి పోస్టులో ఒక సావనీరు వచ్చింది. పంపింది మన బెంగళూరులోని ఒక తెలుగు సంఘం. పేరెందుకు లెండి, రేపు వాళ్ల సభలోనే భోజనానికి కూర్చోవలసినవాళ్లం. దళసరి ఆర్టు పేపరు, తొలి పేజీల్లో మంత్రిగారి శుభాకాంక్షలు, నగల దుకాణం ప్రకటన, మళ్లీ ఇంకో మంత్రిగారు. అట్ట మీద ముగ్గు వేస్తున్న అమ్మాయి. ఆ ముగ్గులో చుక్కల లెక్క కుదరలేదు. గీత ఒకచోట బయల్దేరి ఎక్కడికీ చేరకుండా గాలిలో కలిసిపోయింది. మన ఇళ్లల్లో ఎనిమిదేళ్ల పిల్ల అలా వేస్తే నాయనమ్మ చెరిపించి మళ్లీ వేయిస్తుంది. తిప్పితే రెండో పేజీలో, అధ్యక్ష కార్యదర్శుల పేర్ల కింద, ఒక చిన్న వాక్యం: ముఖచిత్రం, ఏఐ.

మా కడుపు మండింది ముగ్గు చూసి కాదు, ఆ వాక్యం చూసి. అంతకు ముందు మూడేళ్లపాటు అదే సావనీరుకు అట్టబొమ్మ వేసింది మా పత్రికకు బొమ్మలు వేసే అమ్మాయి. మూడు సంచికల్లో ఒక్కదాంట్లోనూ ఆమె పేరు లేదు. అడిగితే, "స్థలం సరిపోలేదమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్నారట. వచ్చే ఏడు వచ్చింది. స్థలమూ దొరికింది. యంత్రానికి.

మేమేదో కడిగిన ముత్యాలమని చెప్పుకోవడం లేదు. ఈ పత్రిక తొలి సంచికలు దాచుకున్నవాళ్లు తీసి చూడండి. "ముఖచిత్రం: ఇంటర్నెట్ సౌజన్యంతో" అని మేమూ వేశాం. ఇంటర్నెట్ అనే ఆసామీ ఎవరో, ఏ ఊరివాడో, మాకు ఎప్పుడు సౌజన్యం చూపించాడో అప్పట్లో మాకు తట్టనేలేదు.

2025 మార్చి చివరి వారం గుర్తుందా? 30వ తేదీన విశ్వావసు ఉగాది. సరిగ్గా అయిదు రోజుల ముందు చాట్‌జీపీటీలో బొమ్మలు వేసే కొత్త సదుపాయం వచ్చింది. ఇక చూసుకోండి. వేపపువ్వు పచ్చడికన్నా ముందు ఇంటింటికీ, జపాను యానిమేషన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మ చేరింది. పెళ్లి ఫొటోలు, శ్రీశైలం ఫొటోలు, పోయిన తాతగారి ఫొటో, అన్నీ జపాను అద్దకంలో ముంచి తీసినట్టు గుండ్రటి బుగ్గలతో వాట్సాప్‌లో దిగాయి. చాట్‌జీపీటీ కంపెనీ అధినేత శామ్ ఆల్ట్‌మన్ కూడా తన ప్రొఫైల్ బొమ్మను అలాగే మార్చుకున్నాడు. కంప్యూటర్ తనంతట తాను ఆడించిన ఒక వికృతాకారాన్ని 2016 నాటి డాక్యుమెంటరీలో ఎవరో చూపిస్తే, ఇది ప్రాణానికే అవమానమని ఆ జిబ్లీ దర్శకుడు మియజాకి మొహం మీదే అనేశాడు. మనవాళ్లు ఆ వీడియోనూ పంచుకున్నారు, పక్కనే తమ జిబ్లీ బొమ్మనూ పెట్టుకున్నారు.

ఆ వారమంతా మేమూ అందరిలాగే కళ గురించి, దొంగతనం గురించి పెద్ద మాటలు మాట్లాడాం. మాకు బొమ్మలు వేసే ఆ అమ్మాయి మాత్రం ఒకటే అంది: "వాళ్లకు పేరైనా ఉండాది సార్. జిబ్లీ అని అడిగి మరీ తీసుకుంటున్నారు. మన వాళ్లను అడగడానికి ఎవరికైనా పేరు తెలిస్తే కదా?"

ఆ మాట దగ్గరే మేము ఆగిపోయాం. ఈ యంత్రాలు బొమ్మను ఒక్కదాన్నే చూసి నేర్చుకోవు. బొమ్మనూ, దాని పక్కనున్న మాటలనూ జోడీగా చూస్తాయి. 2022లో బయటపెట్టిన లాయాన్-5బి అనే భాండాగారంలో అలాంటి జోడీలు 585 కోట్లు. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు గీసే యంత్రానికి అక్షరాభ్యాసం చేయించింది అందులోని సరుకుతోనే. అంటే బొమ్మ పక్కన వేసినవాడి పేరుంటే ఆ పేరు యంత్రానికి తెలుస్తుంది. లేకపోతే ఆ బొమ్మ ఒట్టి "చీర కట్టుకున్న స్త్రీ, దక్షిణ భారతం" అయి కూర్చుంటుంది. ఇప్పుడు మన ఫేస్‌బుక్ గ్రూపుల్లో తిరిగే పాత 'యువ' పత్రిక అట్టలు తలచుకోండి. స్కాన్ చేసిన మహానుభావుడు నాలుగు అంచులూ నీటుగా కత్తిరిస్తాడు. ఆ మూలన వ.పా. అని వడ్డాది పాపయ్య పెట్టుకున్న సంతకం కత్తెరలో పోతుంది. దాని మీద ఈయన తన పేజీ పేరు పెద్దక్షరాలతో అచ్చు గుద్దుతాడు. "ఆ రోజులే వేరు" అని ఒక వాక్యం తగిలిస్తాడు. రెండు వేల లైకులు. సొమ్మొకడిది, సోకొకడిది. యంత్రం వచ్చి కొల్లగొట్టిందని ఏడుస్తున్నాం సరే, ఆ సొమ్ము మీద యజమాని పేరు చెరిపి గుమ్మంలో పెట్టింది మనమే. దొంగతనంలో కూడా మనవాళ్లకు పేరు రాలేదు.

మనం బొమ్మలను ప్రేమించని జాతి కాదు. అందమైన పిల్లను చూసి "బాపు బొమ్మ" అంటాం, అంతకన్నా ఒక చిత్రకారుడికి భాష ఇవ్వగలిగిన గౌరవం ఏముంది? కానీ ఆ ఒక్క పేరు చెప్పి మిగతా బాకీలన్నీ చెల్లు వేసుకున్నాం. ఆ బాపుకైనా పద్మశ్రీ వచ్చింది 2013లో, ఎనభయ్యో ఏట. మరుసటి ఏడాది ఆయన లేరు. బేతాళుడున్న శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుణ్ణి వేసిన శంకర్‌కు 2021లో ఇచ్చారు, ఆయన పోయిన మరుసటి ఏడాది.

చందమామ సంగతి మాత్రం తలకిందులు. అందులో కథ రాసినవాళ్లకే పేరుండేది కాదు. తోకచుక్క, మకరదేవత రాసింది దాసరి సుబ్రహ్మణ్యమని చాలామంది పాఠకులకు ఎన్నో ఏళ్లదాకా తెలియదు. కానీ బొమ్మ మూలన చిత్రా సంతకం ఉండేది, శంకర్ సంతకం ఉండేది. చదవడం రాని వయసులోనే ఆ సంతకాల ఆకారం మాకు తెలుసు. అక్షరాలకన్నా ముందు పరిచయమైన పేర్లవి. అదే పత్రికలో మహాభారతం బొమ్మలతో పేరు తెచ్చుకున్న ఎం.టి.వి. ఆచార్య తర్వాత మద్రాసు వదిలి మన బెంగళూరుకే వచ్చి, పోస్టు ద్వారా బొమ్మలు నేర్పారు. శిష్యుడు గీసి పంపడం, గురువు దిద్ది తిప్పి పంపడం. ఈ ఊళ్లో ట్యాబ్లెట్ మీద గీసుకుని బతుకుతున్న పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? వాళ్లకు చెప్పవలసిన సాహిత్య పత్రికలం మనం చెప్పామా?

ఇక, యంత్రం చేసేదీ ప్రేరణే అనే వాదన. ఈ మాట వినగానే మా అమ్మాయికి నవ్వొస్తుంది. పగలు ఆమె వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి యాప్ బొమ్మలు వేస్తుంది. ఒకప్పుడు క్లయింటు పింటరెస్ట్ లింకు పంపి "ఈ ఫీల్ కావాలి" అనేవాడు. ఇప్పుడు యంత్రం చేత గీయించిన బొమ్మే పంపి, "కొంచెం క్లీన్ చేసివ్వండి, వేళ్లు సరిచెయ్యండి" అంటున్నాడు, పాత రేటులో నాలుగో వంతుకు. ఈ ఊళ్లో వేలమందికి జీతాలిచ్చిన టెక్నికలర్ స్టూడియోలు 2025 ఫిబ్రవరిలో రాత్రికి రాత్రి మూతపడ్డాయి. ఆ మూతకు కారణాలు వేరే ఉన్నాయి. కానీ వీధిన పడిన యానిమేటర్లు పని కోసం వెతుక్కునే వేళకు బజారులో బేరం ఇలా ఉంది.

మా బొమ్మల అమ్మాయిది హిందూపురం. నెలకో రెండు నెలలకో ఊరెళ్లినప్పుడు పక్కనున్న లేపాక్షికి పోతుంది. ఐప్యాడ్ సంచిలోనే ఉంటుంది, బయటికి తీయదు. రూళ్లు లేని నోటుపుస్తకం, బాల్‌పెన్ను. వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు చూడాలంటే మెడ వెనక్కి విరగాలి. అయిదు నిమిషాలకు నొప్పి మొదలవుతుంది. "ఆ నొప్పి లెక్క వేసుకునే గీస్తాను సార్, ఎక్కువ సేపు చూడలేం కాబట్టి ఏది చూడాలో ముందే తేల్చుకోవాల" అంటుంది. మేము పార్వతీ కల్యాణం చూస్తాం, కిరాతార్జునీయం చూస్తాం, కథ గుర్తుపట్టి సంతోషపడి కిందికి దిగిపోతాం. ఆమె చూసేది చీరలు. వరసగా నిలబడ్డ ఆడవాళ్లు, ఒకరి చీర మీద ఉన్న గళ్లు ఇంకొకరి మీద లేవు. నల్లటి గీతతో బిగించిన పక్కచూపు మొహాలు, పిడికెడు రంగులు. ఆమె ట్యాబ్లెట్‌లో కోటిన్నర పైచిలుకు రంగులున్నాయి. లేపాక్షి నుంచి వచ్చాక అయిదింటిని ఉంచుకుని మిగతావి మూసేసింది.

2024 వేసవిలో ఈ నగరం నీళ్లకు అల్లాడినప్పటి మా సంచిక అట్ట గుర్తుందా? ట్యాంకరు ముందు బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల వరస. అపార్టుమెంటు ఆవిడా, ఆవిడింట్లో పనిచేసే ఆవిడా ఒకే వరసలో. ఆ చీరలు లేపాక్షి కప్పు మీదివి. మాకు ఉత్తరాలు రాసినవాళ్లలో ఒక్కరూ అది గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోయినా అందరికీ ఏదో తెలిసిన బొమ్మలా అనిపించిందట. మేము ప్రేరణ అనేది దాన్ని.

ధర్మవరం నేతగాళ్లు లేపాక్షి స్తంభాల మీది లతలను చీర అంచుల్లోకి ఎత్తుకోలేదా, యంత్రం చేసిందీ అదే కదా అని మా మిత్రుడొకాయన వాదించారు. కాదండీ. నేతగాడు ఆ లతను గ్రాఫు కాగితం మీద గళ్లుగా విడగొట్టాలి, పోగులు లెక్కపెట్టాలి. రాతిలో వంపు తిరిగినది పట్టులో మెట్లు మెట్లుగా తిరుగుతుంది. తీసుకున్నది చేతిలో మారకుండా బయటికి రాదు. ఆ మార్పు ఖరీదు కంటిచూపు, నడుంనొప్పి. చిన్న పత్రికలకు డబ్బుల్లేవు, యంత్రం వాటికి వరం అనేది ఇంకో వాదం. మా ఖాతాలో ఎంత ఉందో మాకు తెలుసు, అయినా వద్దంటున్నాం.

అదే లేపాక్షిలో ఇంకో తమాషా. కప్పు మీద పెద్ద వీరభద్రుడు. ఆయన పాదాల దగ్గర చేతులు జోడించి గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ. పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ రాయలవారి ఖజానా సొమ్ముతోనే కట్టించాడని, రాజాగ్రహానికి ముందే తన కళ్లు తనే పీకి గోడకేసి కొట్టాడని స్థలపురాణం. ఆ మరకలంటూ ఇప్పటికీ గైడు రెండు చుక్కలు చూపిస్తాడు. కళ్లు పోగొట్టుకున్న ఆసామీ మొహం మనకు తెలుసు. ఆ మొహాన్ని గీసిన కళ్లు ఎవరివో తెలియదు.

అయిదు వందల ఏళ్ల కిందట చట్టం లేదు, ఇప్పుడుంది. 1957 నాటి కాపీరైటు చట్టం పదిహేడో సెక్షను ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాడే. పాటలు రాసేవాళ్లూ బాణీలు కట్టేవాళ్లూ గొడవపడి 2012 సవరణలో రాయల్టీ సంపాదించుకున్నారు. బొమ్మలవాళ్ల తరఫున అలా అరిచినవాళ్లు లేరు. కానీ అదే చట్టంలో యాభై ఏడో సెక్షనుంది. హక్కులన్నీ అమ్ముకున్నా, ఇది నేను చేసింది అని చెప్పుకునే హక్కు చేసినవాడి దగ్గరే ఉంటుంది. విజ్ఞాన్ భవన్ గోడ నుంచి 1979లో పీకేసిన తన కుడ్యశిల్పం కోసం అమర్‌నాథ్ సెహగల్ ఈ సెక్షను పట్టుకునే పోరాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు. కాబట్టి పేరు వెయ్యడం సంపాదకుల దయ కాదు. స్థలం సరిపోలేదు అనేది జవాబు కాదు. "ముఖచిత్రం: ఏఐ" అని గర్వంగా వేసుకునే పెద్దలు, వెనక మూడేళ్ల సంచికలకు తప్పొప్పుల పట్టిక ఒకటి వేసి, అందులో ఆ అమ్మాయి పేరు చేర్చాలి. వేసేదాకా మేము అడుగుతూనే ఉంటాం, భోజనాలు పెట్టినా సరే.

ఈ సంచిక నుంచి మా పత్రికలో కథ పేరు కింద రచయిత పేరు ఏ సైజులో ఉంటుందో, బొమ్మ వేసినవారి పేరూ అదే సైజులో ఉంటుంది. పాత సంచికల అట్టల్లో "ఇంటర్నెట్ సౌజన్యం" వెనకున్న మనుషులను వెతుకుతున్నాం. ఇద్దరు దొరికారు. ఒకరు డబ్బు వద్దన్నారు, ఒకరు అడిగారు, ఇచ్చాం.

నిన్న సాయంత్రం చామరాజపేట ప్రెస్సు నుంచి ఫోను. అట్టబొమ్మలో కుడివైపు మూలన ఏదో గీతలా ఉంది, కటింగ్‌లో పోతుంది, పరవాలేదా అని. అది గీత కాదయ్యా, ఆ అమ్మాయి సంతకం అన్నాం. మూడు మిల్లీమీటర్లు లోపలికి జరపాలంటే ప్లేటు మళ్లీ చెయ్యాలి, దాని ఖర్చు వేరే అన్నాడు. చెయ్యమన్నాం.