పుట్టుక హద్దు గీయని ఆట

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావారు అందులో పాత్రలై తామేం చేస్తారో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. ఆ తొలి నియమాల్లో డ్వార్ఫ్ అనే పొట్టి జాతి యోధుడు ఆరో స్థాయి దాటి ఎదగకూడదు. మనుషులకు ఆ హద్దు లేదు. 2000లో వచ్చిన మూడో కూర్పులో గానీ అది పోలేదు. ఊహాలోకంలోనూ ఎదుగుదలను పుట్టుకతోనే కొలిచారన్నమాట!

అందుకే మేము హాస్టల్లో సొంత ఆట కట్టుకున్నాం. పాత క్యాలెండరు వెనుక కోట, చెరువు, అడవి గీశాం. ఏ పాత్రకైనా చేసిన పనిని బట్టే బలం పెరుగుతుంది. ఊరి బావి అందరిదీ.

ఇది కాలక్షేపమని కొందరంటారు. మేము ఒప్పుకోం. తరగతిలో నోరు విప్పని తమ్ముడు కూడా తన వంతు వస్తే నిర్ణయం చెప్పాలి, సీనియర్లు వినాలి. కథ నడిపేవారు మాత్రం ముగింపు ముందే రాసిపెట్టుకోరాదు. అలా చేస్తే మిగతావారి మాటకు విలువుండదు.

ఒక నోటుబుక్కు, పెన్సిలు, లూడో పాచిక చాలు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎవరో రాసిన నియమాలకు తలొగ్గడం మనవాళ్లు తరతరాలుగా చూశారు. న్యాయమైన నియమాలు రాయడం మనం ఆటలోనైనా మొదలుపెడదాం.