మూలపురుషుడు తప్పుకొన్న పిమ్మట

సూరతు నగరమునందలి వరాఛాలో, వజ్రములను సానపట్టు కార్ఖానాలలో, ఒక్క రాయి గుర్తులు పెట్టువాని చేతినుండి కోయువానికిని, వానినుండి సానచక్రమగు ఘంటికడ కూర్చుండి ముఖములు తీర్చు రత్నకళాకారునకును అందుచు, పలుచేతులు మారినగాని వజ్రములమ్ము మినీబజారు చేరదు; అందొకడు పనికి రానినాడు వాని స్థానమున మఱియొకడు కూర్చుండును, ఏలయన ఆ నేర్పు పదుగురి కన్నులయెదుట జరుగునది. సూరతువంటి దూరపు ఊళ్లలో బ్రదుకుచున్న తెలుగువానికి మాతృభాషను కంప్యూటరు తెరపై చూపిన సాధనముల సంగతి అట్టిది కాదు; వాని మర్మము తఱచు ఒక్కని మనస్సులోనే యుండును.

ఈ శతాబ్దపు తొలి యేండ్లలో తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్టున వెలువడుచునే యున్నను, ఒక్కొక్క పత్రిక తనదైన ఫాంటును వాడుటచేత, ఆ ఫాంటు లేనిచోట అక్షరములు అర్థములేని గుర్తులై కనబడెడివి. ఈ చిక్కును విడదీయుటకై వెన్న నాగార్జునగారు ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు అనుబంధముగా ‘పద్మ’ను నిర్మించి, ఆ పాఠమును యూనికోడులోనికి మార్చి చూపిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ఆరంభించినవారును ఆయనయే. ఒకే చేయి నాటిన యీ రెండు మొక్కల గతులు వేఱగుట మిక్కిలి విచారణీయము.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57 వెలువడి పాతపద్ధతి అనుబంధముల నన్నిటిని త్రోసిపుచ్చినప్పుడు, పద్మ పాతరూపమునకును ఆశ్రయము తప్పెను. మూలసంకేతము బహిరంగమే, కాని తిరిగి వ్రాయు హక్కుండుట వేఱు, ఏ పత్రిక ఏ గుర్తును ఏ యక్షరమునకు వాడెనో యెఱిగి ఓపికతో కూర్చుండువాడుండుట వేఱు. పత్రికలు యూనికోడునకు మరలుటచే దాని యవసరము తగ్గినమాట నిజమే. వికీపీడియాకో, సర్వర్లు ఏ యొక్కనివియు గాక వికీమీడియా ఫౌండేషనువి. నిర్వాహకులను సభ్యులే చర్చించి యెన్నుకొందురు. ఏ నియమ మేల పుట్టెనో ‘రచ్చబండ’ పుటలలో వ్రాసియుండును. అందుచేతనే, స్థాపకునిపై భారము మోపకయే, వ్యాసముల సంఖ్య లక్ష దాటినది.

అట్లని వారసత్వమును తొందరపడి యీయరాదు. ప్రపంచమందలి అసంఖ్యాక సర్వర్లలో నున్న ‘ఎక్స్‌జెడ్’ అను, ఫైళ్లను కుదించు చిన్న సాధనమును ఒక్కడే మోయుచు అలసియుండగా, సాయపడుదునని వచ్చిన యొకడు రెండేండ్లకు పైగా నమ్మకము గడించి, విడుదలచేయు అధికారమును పొంది, అందు దొంగద్వారమును పెట్టెను. లాగిన్ అగుటకు అరసెకను జాగేల యగుచున్నదని ఒక ఇంజనీరు ఆరాతీయుటచే 2024 మార్చిలో అది బయటపడినది. ఆ అలసినవానిని నేను నిందింపజాలను. వాని శ్రమఫలమును ఉచితముగా ననుభవించిన సంస్థలదే దోషము. దీనికి భిన్నముగా, 2023 ఆగస్టులో ‘విమ్’ అను పాఠసవరణ సాధనపు కర్త బ్రామ్ మోలెనార్ మరణింపగా, చిరకాలము తోడుగా పనిచేసిన క్రిస్టియన్ బ్రబాండ్ట్ ప్రభృతులు పనినందుకొని, 2024 జనవరిలోనే 9.1వ రూపమును ఆయనకే అంకితము చేసిరి. తెలియనివాని ఉత్సాహముకంటె తెలిసినవాని చిరపరిచయము మేలైనదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము నాకక్కఱలేదు.

తెలుగు కీబోర్డులను, ఫాంట్లను, లిపిమార్పిడి సాధనములను ఒంటరిగా పోషించుచున్న మిత్రులారా, డొమైనుపై హక్కును, విడుదల యధికారమును, మీ మనస్సులోనే యున్న నిర్ణయముల కారణములను, మీరు ఆరోగ్యముతో నున్న యీనాడే, మీ చెంత చిరకాలము పనిచేసిన యిద్దఱి కప్పగింపుడు. వాడుకొను మనలో చేతనైనవారు ఆ యిద్దఱిలో నొకరగుటకు ముందుకు రావలెను.