సొంత పార్టీ గద్దెనెక్కాక

2024 ఏప్రిల్ 12న అమెరికా ప్రతినిధుల సభలో ఒక సవరణ మీద ఓటింగ్ జరిగింది. అనుకూలం 212, వ్యతిరేకం 212. ఓట్లు సమానమైతే సవరణ వీగిపోయినట్టే లెక్క. అది కోరింది గొంతెమ్మ కోరికేమీ కాదు. విదేశాల్లో ఉన్న విదేశీయుల ఫోన్లు, మెయిళ్ల మీద నిఘా పెట్టడానికి అక్కడ సెక్షన్ 702 అనే నిబంధన ఉంది. ఆ వలలో అవతలి కొసన మాట్లాడే అమెరికన్ల మాటలూ పడతాయి. అలా పోగుపడిన దాంట్లో ఒక అమెరికన్ పేరుతో వెతకాలంటే ఎఫ్‌బీఐ ముందు జడ్జి దగ్గర వారెంట్ తెచ్చుకోవాలని ఆ సవరణ అడిగింది. కరడుగట్టిన రిపబ్లికన్ జిమ్ జోర్డాన్, డెమోక్రాట్లలో వామపక్షానికి చెందిన ప్రమీలా జయపాల్ ఆ రోజు ఒకే వైపు నిలబడ్డారు. ఇలాంటి పొత్తు అరుదుగానే కనబడుతుంది.

స్పీకర్ మైక్ జాన్సన్ మాత్రం వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన ఒక్కరు ఇటు వచ్చినా సవరణ గట్టెక్కేది. జ్యుడీషియరీ కమిటీలో మామూలు సభ్యుడిగా ఉన్న రోజుల్లో ఇదే నిఘాలో జరిగిన దుర్వినియోగాల గురించి గట్టిగా మాట్లాడినవారే. స్పీకరయ్యాక రహస్య నివేదికలు వినిపించారనీ, రెండో వైపు సంగతి కూడా తెలిసిందనీ చెప్పుకున్నారు. రహస్య నివేదికలో ఏముందో మనకు తెలిసే దారి లేదు కాబట్టి ఆ జవాబుకు ఎదురు ప్రశ్న కూడా వేయలేం.

2028 నవంబరు 7న అమెరికన్లు కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. 22వ సవరణ ప్రకారం ట్రంప్ మళ్లీ ఎన్నిక కాలేరు. పౌరుడి స్వేచ్ఛకు విలువిచ్చే అభ్యర్థికి మద్దతివ్వాలనుకునే ఓటరు ఇప్పటినుంచే చూసుకోవాల్సింది అభ్యర్థుల ఉపన్యాసాలు కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్వేచ్ఛ గురించి మాట్లాడని నాయకుడు ఏ దేశంలోనూ ఉండడు. సొంత పార్టీ గద్దెనెక్కాక, ఆ స్వేచ్ఛకు అడ్డొచ్చింది సొంత నాయకుడే అయినప్పుడు ఆయన ఎటు ఓటేశారన్నదే చూడాలి. దీన్ని మించిన గీటురాయి నాకు కనబడలేదు.

మనవాళ్ల లెక్కలు వేరేగా ఉంటాయి. 2024లో ట్రంప్ గెలిచినప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు చేసుకున్నారు. జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది ఆ ఊరు. ఊరి అల్లుడు అమెరికా ఉపాధ్యక్షుడైతే మురిసిపోవడంలో తప్పేముంది? 2028 రిపబ్లికన్ టికెట్ గురించి మాట్లాడేటప్పుడు ముందుగా వినబడే పేరూ జేడీ వాన్స్‌దే. అయితే మార్కెట్‌ను దాని మానాన వదిలేయకూడదని, ప్రభుత్వ బలాన్ని తమ లక్ష్యాలకు వాడుకోవాలని వాదించే కొత్త మితవాదానికి ఆయనే ముఖం. సుంకాలను గట్టిగా సమర్థిస్తారు. ఆయన నచ్చితే ఓటేయవచ్చు. చుట్టరికాన్ని స్వేచ్ఛావాదం అనుకుని మాత్రం వేయొద్దు.

స్వేచ్ఛావాద రాజకీయం మనకు కొత్తదేమీ కాదు. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టి, దానికి తొలి అధ్యక్షుడైనవారు మన నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. సహకార సేద్యం పేరుతో రైతు భూమి మీద సర్కారు చెయ్యి పడకూడదన్న పట్టుదలలోంచి పుట్టిన పార్టీ అది. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి, పదేళ్లు తిరక్కుండానే కనుమరుగైంది. రంగా మళ్లీ కాంగ్రెస్ గూటికే చేరారు. అమెరికాలో ఈ పాయ అంత త్వరగా ఎండిపోలేదు. ప్రవాహంగానూ మారలేదు.

అక్కడ దీనికి ఊపు తెచ్చింది రాన్ పాల్. టెక్సాస్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు, ప్రతినిధుల సభ సభ్యుడు. ఇరాక్ మీద యుద్ధానికి అనుమతినిస్తూ 2002లో సభ ఓటేసినప్పుడు కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఆయనొకరు. అధ్యక్షుడు సొంత పార్టీవాడు, దేశమంతా యుద్ధావేశంలో ఉంది, అయినా కాదన్నారు. 2007 డిసెంబరు 16న, బోస్టన్ టీ పార్టీ వార్షికోత్సవం రోజున, ఆయన అధ్యక్ష ఎన్నికల ప్రచారం కోసం అభిమానులు ఆన్‌లైన్‌లో ఒక్క రోజులో 60 లక్షల డాలర్లు పోగుచేశారు. 2012లో పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే అయోవా కాకస్‌లో 21 శాతంతో మూడో స్థానంలో నిలిచినా, ఆయన మనుషులు జిల్లా సమావేశాలకు, రాష్ట్ర సమావేశాలకు ఓపిగ్గా వెళ్లి కూర్చుని చివరికి పార్టీ మహాసభకు వెళ్లే ఆ రాష్ట్ర ప్రతినిధుల్లో ఎక్కువమందిని తమవాళ్లనే చేసుకున్నారు. పార్టీ పెద్దలు ఊరుకుంటారా? టాంపా మహాసభలో నిబంధనలే మార్చేశారు.

ఆ జనం తర్వాత ఏమయ్యారన్నది నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం. 2016లో కొడుకు, సెనేటర్ రాండ్ పాల్ బరిలోకి దిగితే అయోవాలో దక్కింది నాలుగున్నర శాతం. తండ్రి వెంట నడిచినవారిలో చాలామంది ట్రంప్ వెంట వెళ్లారు. కెంటకీ రిపబ్లికన్ థామస్ మాసీ ఆ తర్వాత ఒప్పుకున్న నిజం ఒకటుంది. వీళ్లంతా స్వేచ్ఛావాద సిద్ధాంతాలకే ఓటేస్తున్నారని తాను అనుకున్నాననీ, నిజానికి బరిలో ఉన్నవాళ్లలో అందరికంటే వెర్రిగా ఎదురుతిరిగే మనిషికి వేస్తున్నారనీ. సిద్ధాంతం చూసి వచ్చినవాళ్లు, కోపంతో వచ్చినవాళ్లు ఒకే పందిట్లో కూర్చుంటే ఎవరెవరో పోల్చుకోవడం కష్టమే.

స్వేచ్ఛావాది అన్న ముద్ర చూసి మురిసిపోకూడదనడానికి తండ్రీకొడుకులిద్దరూ ఉదాహరణలే. 1964 పౌరహక్కుల చట్టం ప్రైవేటు వ్యాపారాలకు వర్తించడం మీద ఇద్దరూ అభ్యంతరాలు చెప్పారు. హోటల్ యజమాని స్వేచ్ఛ కనబడింది గానీ, ఆ హోటల్ గుమ్మం దగ్గర ఆపేసిన నల్లజాతి మనిషి స్వేచ్ఛ కనబడలేదు. ఆ పౌరహక్కుల పోరాటాల ఊపులోనే 1965 వలస చట్టం వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతిని తీసేసింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా విమానమెక్కగలిగింది ఆ తర్వాతే. అమెరికా గడ్డ మీద పుడితే వచ్చే పౌరసత్వాన్ని పరిమితం చేయాలని రాన్ పాల్ ప్రతిపాదించారు. 2011లో రాండ్ పాల్ కూడా సెనేటర్ విట్టర్‌తో కలిసి అలాంటి రాజ్యాంగ సవరణ తీర్మానమే పెట్టారు. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలను కూడా పేర్కొనేసరికి, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్న తెలుగు ఇళ్లలో గుబులు పుట్టింది.

ఇక లిబర్టేరియన్ పార్టీ. 1971లో పుట్టింది. 2016లో గ్యారీ జాన్సన్‌కు దాదాపు 45 లక్షల ఓట్లు, మూడు శాతం పైచిలుకు, వచ్చాయి. వారి చరిత్రలో అదే అత్యధికం. 2024లో చేజ్ ఆలివర్ ఆరున్నర లక్షల దగ్గర ఆగిపోయారు. 2020లో జార్జియాలో బైడెన్ ఆధిక్యం 11,779 ఓట్లు, లిబర్టేరియన్ జో జోర్గెన్సన్‌కు పడ్డవి 62 వేలకు పైనే. ఇలాంటి చోట్ల ఓట్లు చీల్చారన్న తిట్లు తప్పవు. 2024 మే నెలలో ట్రంప్ వాళ్ల మహాసభకే వెళ్లి ఓట్లడిగారు. సభ ఈలలు వేసి గోల చేసింది. అయినా ఆయన సిల్క్ రోడ్ వెబ్‌సైట్ నడిపి యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను విడిపిస్తానని మాటిచ్చారు. గెలిచాక ప్రమాణస్వీకారం మర్నాడే క్షమాభిక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్నారు, కాదనను. కొద్ది నెలలకే అదే కలంతో దాదాపు ప్రపంచ దేశాలన్నిటి మీదా సుంకాలు విధించారు. స్వేచ్ఛావాదుల బేరం ఒక మనిషి విడుదలతో సరిపోయింది.

భీమవరం రొయ్యల రైతుకు ఇదంతా దూరపు కబురు కాదు. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టు మీది కౌంటు ధర దాకా వచ్చింది. ఆ సుంకాలను ఏ సభా ఆమోదించలేదు. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని చూపించి అధ్యక్షుడు సంతకం పెట్టారు, అంతే. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము కూడా ఒక్క ప్రకటనతోనే వచ్చింది. ఎమర్జెన్సీ అంటే మనకు గుర్తొచ్చేది 1975. అది 21 నెలల్లో ముగిసింది. టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయ సిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు, 1979 నవంబరులో, జిమ్మీ కార్టర్ ఇరాన్ విషయంలో ప్రకటించిన అత్యవసర పరిస్థితిని మాత్రం అక్కడి అధ్యక్షులు ఏటేటా పొడిగిస్తూ వచ్చారు. ఇలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయి. ఇందులో రెండు పార్టీల చేతులూ ఉన్నాయి.

కాబట్టి అభ్యర్థి ఏయే స్వేచ్ఛలు ఇస్తానంటున్నారని అడగడం కంటే, ఆ కుర్చీలో కూర్చున్నాక ఏయే అధికారాలు అమెరికా కాంగ్రెస్‌కు తిరిగి ఇచ్చేస్తారని అడగడం మంచిది. అడిగి ఊరుకోకూడదు, పాత ఓట్లు తిరగేయాలి. యూటా సెనేటర్ మైక్ లీని చూడండి. కాంగ్రెస్ ఆమోదించకపోతే అత్యవసర పరిస్థితి 30 రోజుల్లో రద్దయిపోవాలని 2019లో బిల్లు రాసింది ఆయనే. సరిహద్దు గోడ కోసం ట్రంప్ ప్రకటించిన ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా అదే ఏడాది ఓటేశారు కూడా. 2025 ఏప్రిల్‌లో కెనడా మీద సుంకాలకు ఆధారమైన ఎమర్జెన్సీని రద్దు చేసే తీర్మానం సెనేట్‌లో 51-48తో నెగ్గినప్పుడు, డెమోక్రాట్లతో కలిసిన నలుగురు రిపబ్లికన్లలో లీ లేరు. రాండ్ పాల్ ఉన్నారు. నా దృష్టిలో ఆ ఇద్దరి మధ్య తేడా ఆ ఒక్క ఓటులో తేలిపోయింది.

డెమోక్రాట్లకూ ఇదే గీటురాయి. నిఘాకు సహకరించిన టెలిఫోన్ కంపెనీలను కేసుల నుంచి కాపాడే బిల్లును అడ్డుకుంటానన్న ఒబామా, నామినేషన్ ఖాయమయ్యాక 2008 జూలైలో దానికే ఓటేశారు. 2001లో పేట్రియాట్ చట్టానికి సెనేట్‌లో కాదన్న ఒకే ఒక్కడు రస్ ఫైన్‌గోల్డ్ కూడా డెమోక్రాటే. ఇప్పటివారిలో రో ఖన్నా 2025 జూన్‌లో ఇరాన్ మీద అనుమతి లేని యుద్ధాన్ని ఆపాలని మాసీతో కలిసి తీర్మానం పెట్టారు. పన్నుల దగ్గరికొచ్చేసరికి ఆయన దారి వేరు, సంపన్నుల ఆస్తి మీద పన్ను వేయాలంటారు. కొలరాడో గవర్నర్ జారెడ్ పోలిస్ ఆదాయపు పన్ను తగ్గాలంటారు, ఇళ్లు కట్టుకోవడానికి అడ్డుపడే స్థానిక నిబంధనలను సడలించారు. తుపాకుల మీద ఆంక్షల బిల్లుల మీద సంతకాలు పెట్టారని స్వేచ్ఛావాదులు సణుగుతారు. పోలిస్ తన పార్టీ అధ్యక్షుడి కింద ఎప్పుడూ సభలో ఓటేయలేదా అంటే, వేశారు. ఒబామా కాలంలో ప్రతినిధుల సభలో ఉన్నారు. ఆ ఓట్లూ దొరుకుతాయి, చూసుకోవచ్చు.

ఈ మాట రాస్తుంటే మన సంగతి గుర్తొచ్చి కాస్త అసూయ కలిగింది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉన్న మన దగ్గర ఒక మాసీ, ఒక రాండ్ పాల్ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. మన ఎంపీల ఓట్లు తిరగేస్తే కనబడేది పార్టీ ఆఫీసు చిరునామా మాత్రమే. ట్రంప్ తన పన్నుల బిల్లు కోసం ఎంత ఒత్తిడి తెచ్చినా 2025 జూలై 3న ప్రతినిధుల సభలో ఇద్దరు రిపబ్లికన్లు కాదన్నారు. అందులో మాసీ ఒకరు. మాసీ మీద ప్రైమరీలో వేరొకరిని నిలబెట్టడానికి ట్రంప్ పట్టుబట్టారు, ఆ ముప్పు అక్కడా ఉంది. కానీ ఓటు మాత్రం సభ్యుడిదే.

ఇదంతా నవంబరులో చేసే పని కాదు. అప్పటికి గెలిచే అవకాశం మిగిలేది ఇద్దరికే. పని ఉన్నది ప్రైమరీల్లో. అక్కడ ఓటేసేవారు తక్కువ కాబట్టి ఒక్కో ఓటుకు బరువెక్కువ. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సాస్‌లో పార్టీ నమోదు లేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. అక్కడి ఫ్రిస్కోలో నాకే ఓటుంటే, రాండ్ పాల్ బరిలో ఉన్న పక్షంలో రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకుంటాను. కాకపోతే 2011 తీర్మానం ప్రకారం హెచ్-1బీ మీద ఉన్న దంపతుల బిడ్డ పౌరుడా కాదా అన్న ప్రశ్నకు టౌన్‌హాల్‌లో సూటిగా జవాబు వచ్చాకే. ఆయన లేక పోలిస్ ఉంటే డెమోక్రాట్ బ్యాలెట్. ఇద్దరూ లేకపోతే నవంబరులో లిబర్టేరియన్‌కు వేస్తాను. 2024లో ట్రంప్ దాదాపు 14 శాతం తేడాతో గెలిచిన రాష్ట్రంలో ఆ ఓటు ఎవరి గెలుపునూ ఆపదు.